కప్పు తక్కువైన షెడ్డులో గాలికి దారి



ఈ మాటలు వింటున్నవాళ్లలో కొందరు ఇప్పుడు పనిలోనే ఉండి ఉంటారు. వడ్రంగి కొట్లోనో, వెల్డింగ్ షాపులోనో, మోటార్లకు వైండింగ్ చుట్టే గదిలోనో రేడియో ఒక మేకుకు వేలాడుతూ ఉంటుంది. రంపం ఆగినప్పుడు నా మాట వినబడుతుంది, మళ్లీ మొదలైతే వినబడదు. అందుకని అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కప్పు ఎత్తు తక్కువగా ఉన్న షెడ్డులో ఉన్న గాలినే గిరగిరా తిప్పితే లాభం లేదు. లోపలి గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రావాలి. దానికి ముందు కావలసింది దారి. ఫ్యాన్ ఆ తరవాత. మనం ఫ్యాన్ ముందు కొంటాం, దారి మాట మరిచిపోతాం. ఇక రంపం వేసుకునేవాళ్లు వేసుకోవచ్చు. మిగతావాళ్లకు వివరంగా చెబుతాను.

మన ఊళ్లలో చిన్న పరిశ్రమ ఎక్కువగా నడిచేది మూడు రకాల చోట్ల. ఒకటి, రోడ్డు మీద షట్టరు గది. ఆంధ్రలో కొట్టు అంటారు, తెలంగాణలో మడిగె అంటారు. పైన ఇల్లు, కింద వరసగా గదులు. మూడు వైపులా గోడలు, ముందు ఒక్క షట్టరు. రెండోది, ఇంటి వెనక ఖాళీ స్థలంలో వేసుకున్న రేకుల షెడ్డు. మూడోది, అపార్టుమెంటు కింద సెల్లారు. ఈ మూడింటిలోనూ ఎత్తు ఎనిమిది తొమ్మిది అడుగులు దాటడం తక్కువ. దాంట్లోనే సామాను పెట్టుకోవడానికి ఒక అటక కడతారు. అటక కింద నిలబడితే తల మీద రెండు జానల ఖాళీ కూడా ఉండదు.

ఎత్తు తక్కువైతే వచ్చే చిక్కేమిటి? వేడెక్కిన గాలి పైకి పోతుందని అందరికీ తెలుసు. వెల్డింగ్ పొగ, మోటారు వేడి, మనుషుల ఊపిరి, ఇవన్నీ కలిసి పైకి లేచి కప్పు కింద ఒక పొరలా పరుచుకుంటాయి. ఇరవై అడుగుల ఎత్తున్న పెద్ద ఫ్యాక్టరీలో ఆ పొర మనిషి తలకు చాలా పైన ఉంటుంది. కింద పనిచేసేవాళ్లకు అది తగలదు. ఎనిమిది అడుగుల గదిలో అదే పొర కిందికి దిగి నిలబడ్డ మనిషి ముక్కు దగ్గరికి వస్తుంది. కూర్చుని చిత్రిక పట్టేవాడికి కాస్త నయం. నిలబడి కటింగ్ మిషన్ దగ్గర పనిచేసేవాడు రోజంతా ఆ పొరలో తల పెట్టి ఉంటాడు.

చట్టం కూడా ఈ సంగతి గమనించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఒక్కొక్క కార్మికుడికి కనీసం 14.2 ఘనమీటర్ల చోటు ఉండాలని రాశారు. అంటే సుమారు 500 ఘనపుటడుగులు. ఆ లెక్క వేసేటప్పుడు నేల నుంచి 4.2 మీటర్ల పైన ఉన్న చోటును కలపకూడదని కూడా రాశారు. అంత ఎత్తున ఉన్న గాలి మనిషి ఊపిరికి ఉపయోగపడదని దాని అర్థం. ఇప్పుడు మన షెడ్డుకు లెక్క కడదాం. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. మొత్తం 2,400 ఘనపుటడుగులు. ఐదుగురికి కూడా చాలదు. అదే నేల మీద కప్పు పద్నాలుగు అడుగుల ఎత్తున ఉంటే ఎనిమిది మందికి సరిపోయేది. పైగా మన షెడ్డులో ప్లైవుడ్ షీట్లు, బల్లలు, మిషన్లు తినేసిన చోటు వేరే ఉంది. పదిమంది లోపు పనిచేసే చోట ఆ చట్టం వర్తించేది కాదు గాని, ఊపిరితిత్తులకు ఆ మినహాయింపు లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు మారాలి అని ఇంజనీర్లు ఒక లెక్క చెబుతారు. మామూలు వర్క్‌షాపుకు ఎనిమిది నుంచి పదిసార్లు, వెల్డింగ్ జరిగే చోట పదిహేను నుంచి ముప్పైసార్లు. గది చిన్నదైతే ఈ లెక్క ప్రకారం చిన్న ఫ్యాన్ చాలుతుంది అనిపిస్తుంది. ఆలోచించి చూడండి. శాండర్ అదే, మనుషులు వాళ్లే, లేచే దుమ్ము అంతే. దాన్ని పలచన చేసే గాలి మాత్రం సగమే ఉంది. కాబట్టి కప్పు తగ్గినకొద్దీ గాలి ఎక్కువసార్లు మారాలి. గది కొలతను బట్టి కాకుండా లోపల జరిగే పనిని బట్టి ఫ్యాన్ ఎంచుకోవాలి.

సరే, ఫ్యాన్ దగ్గరికే వద్దాం. ముందుగా సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ రెక్కకూ కప్పుకూ మధ్య కనీసం ఒక అడుగు ఎడం ఉంటే తప్ప దానికి పైనుంచి గాలి అందదు. ఎనిమిది అడుగుల షెడ్డులో ఒక అడుగు కిందికి దింపితే రెక్కలు ఏడు అడుగుల మీద తిరుగుతాయి. భుజం మీద ఎనిమిది అడుగుల చెక్క పెట్టుకుని ఒక కుర్రాడు వెనక్కి తిరిగాడంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అలాగని కప్పుకు ఆనించి బిగిస్తే అది తిరుగుతుంది గాని గాలి ఇవ్వదు. ఇంకో సంగతి. రేకుల కింద వేలాడే ఫ్యాన్ చేసే పని, పైన పేరుకున్న వేడి పొరను తెచ్చి మన నెత్తిన కుమ్మరించడమే. మే నెలలో రేకుల షెడ్డులో ఫ్యాన్ వేస్తే సెగ కొట్టేది అందుకే. తక్కువ ఎత్తున్న చోట సీలింగ్ ఫ్యాన్ మాట మరిచిపోవడం మంచిది.

తరవాత స్టాండ్ ఫ్యాన్. ప్రతి షెడ్డులోనూ ఇది ఉంటుంది. దీని గురించి ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఖర్చు ఒక అగరువత్తి. పొట్టు, థిన్నరు డబ్బాలు దూరంగా జరిపి, నేల ఊడ్చి, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుని మరీ చెయ్యాలి. 

నాకు తెలిసిన ఒక వడ్రంగి మేస్త్రీ షెడ్డులో ఈ పరీక్ష చేశాం. ఇందాక చెప్పిన కొలతలే, ఇరవైకి పదిహేను. ముందు షట్టరు. వెనక గోడకు ఒక కిటికీ. కిటికీకి అడ్డంగా ప్లైవుడ్ షీట్లు నిలబెట్టి ఉన్నాయి. గుమ్మం దగ్గర స్టాండ్ ఫ్యాన్, దాని మొహం లోపలికి. అగరువత్తి వెలిగించి కటింగ్ మిషన్ పక్కన పట్టుకున్నాం. ఫ్యాన్ నడుస్తుంటే పొగ వెనక గోడ దాకా పోయి, గోడకు కొట్టుకుని, కప్పు కిందుగా తిరిగి మా మొహాల మీదికే వచ్చింది. ఫ్యాన్ కట్టేస్తే పొగ నిటారుగా లేచి, ఆరడుగుల ఎత్తున అడ్డంగా పరుచుకుని, కదలకుండా నిలబడింది. అప్పుడు ప్లైవుడ్ షీట్లు పక్క గోడకు మార్చి కిటికీ తెరిచాం. పొగ నెమ్మదిగా అటు వాలింది. ఆ తరవాత ఫ్యాన్‌ను తీసుకుపోయి వెనక కిటికీకి రెండడుగుల ఇవతల, మొహం బయటికి ఉండేలా పెట్టాం. పొగ దారం లాగినట్టు కిటికీలోంచి బయటికి పోయింది.

కిటికీకి ఆనించి పెట్టకుండా రెండడుగులు ఎడంగా పెట్టడానికి కారణం ఉంది. ఫ్యాన్ నుంచి దూకే గాలి తన చుట్టుపక్కల గాలిని కూడా వెంటబెట్టుకుని పోతుంది. ఆ కాస్త ఎడం ఉంటే కిటికీ మొత్తం నిండుగా గాలి బయటికి వెళుతుంది.

అంతా చూసి ఆ మేస్త్రీ ఒక్క మాట అన్నాడు. "ఫ్యాన్ అటు తిప్పేస్తే నాకు గాలెక్కడిదండీ?" న్యాయమైన ప్రశ్న. మనిషికి రెండు అవసరాలు ఉన్నాయి. పీల్చడానికి మంచి గాలి కావాలి, చెమట ఆరడానికి ఒంటికి గాలి తగలాలి. ఒకే ఫ్యాన్‌తో రెండూ జరగవు. మురికి గాలిని బయటికి పంపడానికి ఒకటి, ఒంటికి తగలడానికి చిన్న గోడ ఫ్యాన్ ఒకటి. ఆ గోడ ఫ్యాన్ కూడా గాలి పోయే దారికి ఎదురు తిరగకూడదు. గుమ్మం వైపు నుంచి వెనక కిటికీ వైపుకే ఊదాలి. ఇంకా చెప్పాలంటే మనిషికి వీపు వెనక నుంచి కంటే పక్క నుంచి గాలి తగలడం మేలు. వెనక నుంచి వస్తే ఒళ్లు అడ్డుపడి, ఛాతీ ముందు సుడి తిరిగి, బల్ల మీది దుమ్ము ముక్కు దగ్గరికి ఎక్కివస్తుంది. పక్క నుంచి వచ్చిన గాలి దుమ్మును పక్కకే లాక్కుపోతుంది.

ఇప్పుడు దారి గురించి. ఎదురెదురు గోడల్లో రెండు కంతలు ఉంటే సగం పని అయినట్టే. వచ్చే కంత కింద ఉండాలి, నేలకు అడుగో అడుగున్నరో ఎత్తున. పోయే కంత పైన, రేకుల చూరుకు ఆనుకుని ఉండాలి. చాలా షెడ్లలో రెండు కిటికీలూ నడుము ఎత్తున ఉంటాయి. గాలి వాటి మధ్యనే పోతుంది, పైన ఉన్న వేడి పొర కదలదు. వేడి గాలి తనంతట తాను లేచి పోవడానికి, కింది కంతకూ పై కంతకూ మధ్య ఉన్న ఎత్తు తేడాయే బలం. ఆ తేడా రెట్టింపు అయితే గాలి సుమారు 1.4 రెట్లు అవుతుంది. తక్కువ కప్పున్న షెడ్డుకు ఈ బలమే తక్కువ, కాబట్టి ఉన్న ఎనిమిది అడుగుల్లో ప్రతి అడుగునూ వాడుకోవాలి.

కప్పు లేపలేం గాని, గాలి పోయే నోరును పైకి లేపవచ్చు. కప్పు మీద నుంచి ఐదారు అడుగుల ఎత్తున ఒక రేకు గొట్టం నిలబెట్టి, పైన వాన పడకుండా టోపీ పెడితే, గాలి లెక్క ప్రకారం మన షెడ్డు పదమూడు, పద్నాలుగు అడుగుల ఎత్తున్నట్టే. గొట్టం సన్నంగా ఉంటే లాభం లేదు. అడుగు వెడల్పైనా ఉండాలి. దానికి నల్ల రంగు వేస్తే ఎండకు గొట్టం వేడెక్కి లోపలి గాలిని ఇంకా గట్టిగా లాగుతుంది. ఫ్యాక్టరీల మీద గుండ్రంగా తిరిగే టర్బో వెంటిలేటర్లు చూసే ఉంటారు. కరెంటు అక్కర్లేదు, గాలికి తిరుగుతాయి. చుట్టూ మేడలు ఉండి గాలి ఆడని సందులో అవి అంతగా పనిచేయవు. విడిగా ఉన్న షెడ్డు మీద బాగానే పనిచేస్తాయి. ఏది పెట్టినా కింద గాలి వచ్చే కంత లేకపోతే అది అలంకారమే.

ఒక జాగ్రత్త. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని పొడిగా కోసినా, డ్రిల్లు పెట్టినా లేచే దుమ్ము చాలా చెడ్డది. గాలి కోసం కంత పెట్టబోయి అంతకంటే పెద్ద రోగం తెచ్చుకోవద్దు. రేకు జోలికి పోకుండా గోడకే కంత పెట్టించండి.

షట్టరు గది సంగతి వేరు. వెనక గోడ పక్కవాడిది, పైన ఇల్లు, ఉన్నది ముందు వైపు ఒక్క నోరు. అప్పుడేం చేస్తాం? ఆ ఒక్క నోటినే రెండు భాగాలు చేసుకోవాలి. కింది భాగం వచ్చే గాలికి, పై భాగం పోయే గాలికి. గది వెనక మూల నుంచి ఒక ఎనిమిది అంగుళాల గొట్టం, గోడా కప్పూ కలిసే మూలలో నడిపించుకుని ముందుకు తెచ్చి, షట్టరు పైన ఉన్న వెంటిలేటర్ లోంచి బయటికి తియ్యాలి. మూలన పోతుంది కాబట్టి తలకు తగలదు. గొట్టం మధ్యలో ఇమిడిపోయే ఫ్యాన్లు దొరుకుతాయి. మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇరవై అడుగుల గొట్టంలోంచి గాలిని తోయలేదు, తిరుగుతూ ఉంటుంది అంతే. ఇలా చేస్తే చెడు గాలి వెనక మూల నుంచి పోతుంది, దాని చోటులోకి వీధి గాలి కింద నుంచి నేల మీదుగా వెనక దాకా నడిచి వస్తుంది. అటక ఉంటే దాన్ని గది మొత్తం పరచకుండా ఒక పక్కకు కుదించండి. అటక కింద చిక్కిన గాలి ఎటూ పోదు. ఇంకో మాట, గొట్టం నోరు పై ఇంటివాళ్ల కిటికీ కిందికి వచ్చేలా పెట్టకండి. రేపు ఓనరుతో తగాదా, ఎల్లుండి గది ఖాళీ.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ విషయంలో మూడు తప్పులు ఎక్కువగా కనబడతాయి. గుమ్మం పక్కనే ఫ్యాన్ పెట్టడం మొదటిది. గుమ్మంలో వచ్చిన గాలి వెంటనే ఫ్యాన్‌లో పడి బయటికి పోతుంది, లోపలున్నవాళ్లకు అందదు. ఫ్యాన్ ఎప్పుడూ గాలి వచ్చే చోటుకు వీలైనంత దూరంగా ఉండాలి. రెండోది, తలుపులన్నీ బిగించి ఫ్యాన్ వేయడం. లోపలికి రాని గాలి బయటికి ఎక్కణ్ణుంచి పోతుంది? ఫ్యాన్ నోటి కంటే బాగా ఎక్కువ విస్తీర్ణం ఉన్న దారి గాలి రావడానికి తెరిచి ఉండాలి. మూడోది దోమతెర. సన్నటి జాలీ బిగిస్తారు, నెల తిరిగేసరికి దానికి పొట్టు పట్టి దుప్పటిలా తయారవుతుంది. ఫ్యాను మోగుతూనే ఉంటుంది, గాలి పోదు. వెడల్పు కళ్ల జాలీ వాడి వారానికోసారి కుంచెతో దులపాలి. ఫ్యాన్ కొనేటప్పుడు డబ్బా మీద గంటకు ఎన్ని ఘనమీటర్ల గాలి తోస్తుందో చూడండి. మన 2,400 ఘనపుటడుగుల షెడ్డు అంటే సుమారు 68 ఘనమీటర్లు. గంటకు పదిసార్లు మారాలంటే 680, వెల్డింగ్ ఉండి ముప్పైసార్లు మారాలంటే రెండు వేలకు పైన. డబ్బా మీది అంకె ఏ అడ్డూ లేనప్పటిది. గొట్టం, జాలీ, దుమ్ము అడ్డం వచ్చాక అంత రాదు కాబట్టి లెక్క కంటే పెద్దదే తీసుకోండి. దుమ్ము చొరబడకుండా మోటారు మూసి ఉన్న రకం కావాలని అడగండి.

ఇంతవరకూ గది మొత్తం గాలి గురించి మాట్లాడాం. అసలు గదిలోకి దుమ్ము రానివ్వకుండా పుట్టినచోటే పట్టేయడం ఇంకా మంచిది. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వర్గంలో పెట్టింది. వెల్డింగ్ పొగను కూడా ఆ వర్గంలోనే చేర్చింది. కాళ్ల కింద పడే లావు పొట్టుతో అంత భయం లేదు. ఎండ కిరణంలో కూడా కష్టంగా కనబడే సన్నటి ధూళి గంటల తరబడి గాలిలో తేలుతూ లోపలి దాకా పోతుంది. ఎండీఎఫ్ బోర్డు కోసేటప్పుడు ఇది బాగా లేస్తుంది. శాండింగ్ దుమ్ము కూడా అంతే.

దీన్ని పట్టాలంటే ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. దీపాన్ని చెయ్యి చాచినంత దూరం నుంచి ఊది ఆర్పగలం. అదే దీపాన్ని అంత దూరం నుంచి గాలి పీల్చి ఆర్పగలమా? పెదవుల దాకా తెచ్చుకున్నా కష్టమే. ఊదిన గాలి ఒక దిక్కుకే దూసుకుపోతుంది. పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది, అందుకే బలం ఉండదు. ఊదే గొట్టం వెడల్పుకు ముప్పై రెట్ల దూరంలో గాలి వేగం పదో వంతుకు తగ్గుతుంది. పీల్చే గొట్టం దగ్గరైతే ఒక్క వెడల్పు దూరంలోనే పదో వంతుకు పడిపోతుంది. నాలుగంగుళాల పీల్చే గొట్టాన్ని రంపానికి నాలుగంగుళాల దూరంలో పెడితేనే వేగం అంత పోతుంది. అడుగు దూరంలో పెడితే అది ఉన్నా లేనట్టే. కాబట్టి గొట్టం నోరు రంపం పక్కనే, దుమ్ము ఎగిరే దిక్కులోనే ఉండాలి. వీలైతే మూడు వైపులా రేకు ముక్కలతో చిన్న గూడు కట్టాలి. అప్పుడు చిన్న మోటారు కూడా పెద్ద పని చేస్తుంది.

గుడ్డ సంచి ఉన్న డస్ట్ కలెక్టరు మిషన్లు చాలామంది కొంటున్నారు. ఆ సంచి లావు పొట్టును పట్టుకుంటుంది, సన్న ధూళిని తన రంధ్రాల్లోంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. మిషన్‌ను షెడ్డు బయట, వాన తగలని చోట పెట్టి గొట్టం మాత్రం లోపలికి తెస్తే రెండు లాభాలు. సన్న ధూళి లోపలికి రాదు, చోటు కలిసివస్తుంది. మధ్యలో మూత బిగించిన ఒక డ్రమ్ము పెడితే లావు పొట్టు దాంట్లోనే పడిపోయి సంచి తొందరగా నిండదు. సాయంత్రం పని ముగిశాక కంప్రెసర్ గాలితో బల్లలు, బట్టలు ఊదుకోవడం మానెయ్యాలి. రోజంతా కష్టపడి నేల మీద పడేసిన దుమ్మును అరనిమిషంలో ముక్కు ఎత్తుకు లేపుతాం. తడి గుడ్డతో తుడవండి, లేదా వాక్యూమ్ వాడండి. మొహానికి కట్టుకునే జేబురుమాలు సన్న ధూళిని ఆపదు. ఎన్95 రకం మాస్కు ఆపుతుంది, ముక్కుకు బిగుతుగా కూర్చుంటే.

వెల్డింగ్‌లో ఇంకో చిక్కు. మనిషి వంగి చూస్తాడు, పొగ నిటారుగా లేచి అతని మొహం మీదుగానే పోతుంది. ఫ్యాన్ పెడదామంటే కార్బన్ డై ఆక్సైడ్ వాయువు కప్పి చేసే మిగ్ వెల్డింగ్‌కు గాలి తగిలితే ఆ వాయువు చెదిరిపోయి అతుకులో బుడగలు పడతాయి. అందుకే వెల్డర్లు ఫ్యాన్ ఆపేస్తారు. అక్కడ ఊదడం కంటే పీల్చడమే మార్గం. పక్కన కాస్త ఎడంగా పొగను లాగే నోరు పెట్టాలి. అతుకుకు మరీ దగ్గరైతే వాయువును కూడా లాగేస్తుంది.

గాలి వద్దనే వృత్తులు ఇంకా ఉన్నాయి. గుంట మగ్గం దగ్గర నేతగాడు కిటికీ మూస్తాడు. గాలి ఆరిపోతే నూలుపోగు తెగుతుంది, తేమ ఉండాలి. కంసాలి ఫ్యాన్ వెయ్యడు. మంట చెదురుతుంది, బంగారపు రజను ఎగిరిపోతుంది. ఇలాంటి వాళ్లకు చెప్పవలసింది ఒకటే. పని బల్ల మీదికి గాలి కొట్టనక్కర్లేదు, పైన చూరు కింద కంతలు తెరిచి ఉంచండి. వేడి పొర పైనుంచి పోతుంది, బల్ల దగ్గర దీపం కదలదు.

ఇక ఎండ. కప్పు తక్కువైన షెడ్డులో గాలి ఒక్కటే వేడి కాదు. కాలిన రేకు నెత్తికి రెండు మూడు అడుగుల దూరంలో ఉండి నేరుగా సెగ కొడుతుంది. ఎంత గాలి ఆడినా ఆ సెగ తగ్గదు. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకు మించి వేడెక్కితే ఫ్యాన్ గాలి ఒంటికి వేడినే మోసుకొస్తుంది, చెమట ఆరడం వల్ల వచ్చే చల్లదనం ఒక్కటే మిగులుతుంది. కాబట్టి రేకును చల్లబరచాలి. పైన సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ సూత్రం మీదనే. లేదా రేకుకు అడుగు పైన పచ్చ షేడ్ నెట్ పందిరిలా కట్టండి. రేకుకూ నెట్‌కూ మధ్య గాలి ఆడాలి, రేకు మీదే పరిస్తే సగం ఫలితమే. లోపల థర్మోకోల్ షీట్లు అంటించడం మాత్రం వద్దు. నిప్పురవ్వ పడితే కరిగి, మండి, నల్లటి పొగ కమ్ముతుంది. తక్కువ కప్పు కింద ఆ పొగలోంచి తప్పించుకునే వ్యవధి ఉండదు. వెల్డింగ్ షెడ్డు మీద తాటాకు కూడా ఇందుకే వద్దు.

కూలర్ పెట్టాలనుకునేవాళ్లు ప్రాంతం చూసుకోవాలి. రాయలసీమలో, తెలంగాణలో పొడి ఎండ. అక్కడ కూలరైనా, వట్టివేళ్ల తడికైనా బాగా చల్లబరుస్తుంది. కోస్తాలో గాలిలోనే నీరు ఉంటుంది, ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. ఎక్కడైనా సరే కూలర్ పెడితే ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి. వడ్రంగులు ఇంకోటి గుర్తుంచుకోవాలి. చెమ్మకు చెక్క ఉబ్బుతుంది, ఉలికీ రంపానికీ తుప్పు పడుతుంది. కోస్తాలో ఉన్నవాళ్లకు దేవుడిచ్చిన వరం సాయంత్రం పూట వీచే పైరగాలి. దక్షిణం, ఆగ్నేయం వైపు ఒక కంత ఉంటే అది ఫ్యాను అక్కర్లేకుండా లోపలికి వస్తుంది. మధ్యాహ్నం పడమటి వడగాలి కొట్టేటప్పుడు ఆ వైపు తడిక దింపుకోవాలి. శాండింగ్ లాంటి దుమ్ము పనులు పొద్దున్నో, సాయంత్రం గాలి తిరిగాకో పెట్టుకుంటే మేలు.

రెండు విషయాల్లో మాత్రం వెసులుబాటు లేదు. థిన్నరు, పాలిష్, స్ప్రే పెయింటు ఆవిరి గాలి కంటే బరువైనది. పైకి లేవదు, నేల మీద పాకుతుంది. చూరు కింద ఉన్న ఎగ్జాస్ట్ దాన్ని లాగలేదు. పైగా మామూలు ఫ్యాను మోటారులో పుట్టే నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి. స్ప్రే పని ఆరుబయట నీడలో చేసుకోండి. ఇక కరెంటు పోయినప్పుడు జనరేటరు షెడ్డులోపల నడపడం. దాని పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. చిన్న గదిలో అది మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. జనరేటరు బయట, కిటికీకి దూరంగా ఉండాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను వల్ల గాలి లోపలికి వచ్చే కంత వైపు అసలు ఉండకూడదు.

ఇదంతా విన్నాక ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? వచ్చే సెలవు రోజున కిటికీలకు అడ్డంగా ఉన్న సామాను తీయండి. దానికి ఖర్చు లేదు. అగరువత్తి పరీక్ష చేసి గాలి ఎటు నడుస్తోందో, ఎక్కడ నిలబడుతోందో చూడండి. స్టాండ్ ఫ్యాన్ మొహం బయటికి తిప్పండి. తరవాత గోడకు కింద ఒకటి, పైన ఒకటి కంత పెట్టించండి. ఓనరును ముందుగా అడగండి. రేకుకు సున్నం వేయండి. ఆ తరవాత డబ్బు మిగిలితే ఎగ్జాస్ట్, ఇంకా మిగిలితే దుమ్ము లాగే మిషన్.

చివరగా యజమానులకు ఒక మాట. మన కొట్లలో యజమాని కుర్చీ గుమ్మం పక్కన ఉంటుంది. గిరాకీతో మాట్లాడాలి, వీధి కనబడాలి కాబట్టి అక్కడే వేసుకుంటాడు. శాండింగ్ చేసే కుర్రాడు మాత్రం వెనక మూలలో, అటక కింద ఉంటాడు. ఒకే కప్పు కింద ఇద్దరూ పీల్చే గాలి ఒకటి కాదు. గుమ్మం దగ్గర కూర్చుని చూస్తే ఏ షెడ్డులోనైనా గాలి బాగానే ఉన్నట్టు ఉంటుంది. అందుకని ఏం కొనాలో, గోడ ఎక్కడ పగలగొట్టాలో నిర్ణయించే ముందు, మిషన్లు నడుస్తుండగా మధ్యాహ్నం ఒక గంట ఆ వెనక మూలలో ఆ కుర్రాడి పక్కన నిలబడి పనిచేయండి. మొదటి కంత ఎక్కడ పెట్టాలో మీకే తెలుస్తుంది.